బొడ్లో దోపుకోలేని తాళంచెవి

మా గోదావరి వాళ్ళకి లాకు అంటే తాళం కాదండీ. కాలవ మీద కట్టిన తలుపులు. ధవళేశ్వరం లాకులు, విజ్జేశ్వరం లాకులు, సినిమా వాళ్ళ పుణ్యమా అని అందరికీ తెలిసిపోయిన లొల్ల లాకులు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించాక, ఆ నీళ్ళని డెల్టా అంతా తిప్పటానికి కాలవలు తవ్వారు. ఆ కాలవల్లోనే పడవలూ నడిచేవి. నీటిమట్టం ఒక్కసారి దిగే చోట పడవ ఎలా దాటుతుంది? అందుకని లాకులు పెట్టారు. పడవ వచ్చి రెండు తలుపుల మధ్య ఆగేది. వెనక తలుపు మూసేవారు. లోపలి నీళ్ళు, అవతలి నీళ్ళు సమానమయ్యేదాకా ఆగి, ముందు తలుపు తీసేవారు. పడవ ఒక్క కుదుపు లేకుండా సాగిపోయేది. మా అమ్మమ్మ కాపురానికి వెళ్ళింది అలాంటి పడవలోనేనట. "లాకు దగ్గర ఆగినప్పుడల్లా వేయించిన సెనక్కాయలు కొనుక్కు తినేవాళ్ళమే" అనేది.

అంటే మా వైపు లాకు వున్నది పడవని ఆపెయ్యటానికి కాదు, క్షేమంగా దాటించటానికి. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు నేను చెప్పబోయే తాళానికీ దీనికీ చుట్టరికం వుంది.

ఇక ఇళ్ళల్లో తాళాల సంగతి. పాతకాలపు మండువా ఇళ్ళల్లో వీధి తలుపుకి పగలు గడియైనా పడేది కాదు. అడిగేవాళ్ళూ లేరు, ఆపేవాళ్ళూ లేరు. తాళమంటూ వుంటే అది కొట్టుగదికే. ఆ తాళాల గుత్తి అత్తగారి బొడ్లో వుండేది. గుత్తి ఎవరి బొడ్లో వుంటే ఇల్లు వాళ్ళదన్న మాట. పనిమనిషికి గిద్దెడు బియ్యం పెట్టాలన్నా, పక్కింటావిడ చేబదులడిగిన పంచదార ఇవ్వాలన్నా కోడలు వెళ్ళి అత్తగారి ఎదురుగా నిలబడాల్సిందే. చేతికి ఆ గుత్తి రాకుండానే జుట్టు నెరిసిపోయిన కోడళ్ళు ఎంతమందో!

ఇప్పుడు మన ఇళ్ళల్లోకి ఇంకో తాళంచెవి వచ్చింది. వైఫై పాస్‌వర్డు. కరెంటు బిల్లూ, గ్యాసు బుకింగూ, పిల్లల ఫీజులూ, అత్తగారి పింఛనూ, మన వంటల వీడియోలూ అన్నీ ఆ తలుపులోంచే రావాలి, పోవాలి. మరి ఆ తాళంచెవి ఎవరి బొడ్లో వుందో ఎప్పుడైనా ఆలోచించారా? నేను మా వీధిలో నలుగురిని అడిగి చూశాను. "మా అబ్బాయి పెట్టాడండీ, వాడు బెంగుళూరులో వున్నాడు" అన్నారొకావిడ. "మా వారికి తెలుసు" అన్నారు రెండో ఆవిడ. మూడో ఆవిడ కాసేపు ఆలోచించి, "నెట్టు కుర్రాడికి తెలుసనుకుంటానండీ" అన్నారు. అంటే ఇంటి తాళంచెవి ఇంట్లో ఎవరి దగ్గరా లేదు, వీధిలో వుంది! నాలుగో ఆవిడైతే, "దానికి పాస్‌వర్డు వుంటుందా? నా ఫోనులో దానంతటదే వచ్చేస్తుందే!" అని నన్నే వింతగా చూశారు.

ఈ విచారణంతా నాకెందుకు పట్టిందో చెబుతాను.

నా లాప్‌టాప్ పదేళ్ళది. మూత దగ్గర చిట్లింది, రెండు అక్షరాలు అరిగిపోయాయి, అయినా అదంటే నాకు ప్రాణం. నా ఆరు నవలలూ దానిమీదే రాశాను. ఇంట్లో నాది అని నేను గట్టిగా అనగలిగిన వస్తువు అదొక్కటే. అందులో వున్న విండోస్ 10కి కంపెనీ వాళ్ళ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తర్వాతది ఈ ముసలి దాని మీద ఎక్కదు. "కొత్తది కొనుక్కో" అన్నారు మా వారు, చీర చిరిగిందంటే చెప్పినంత తేలిగ్గా. మా అక్కగారి అబ్బాయి మాత్రం, "పిన్నీ, దాన్ని పారెయ్యకు. లినక్స్ వేసిస్తాను, ఇంకో అయిదేళ్ళు పరిగెడుతుంది" అన్నాడు.

లినక్స్ అంటే ఏమిటో నాకు అర్థమైనంత వరకూ చెబుతాను. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన వ్యవహారం అది. దాని తయారీ రహస్యం కాదు. వారపత్రికలో అచ్చయిన ఆవకాయ కొలతల్లాగా, ఎవరైనా చదవచ్చు, ఎవరైనా కలుపుకోవచ్చు, ఉప్పు ఎక్కువైందనిపిస్తే మార్చుకుని మళ్ళీ నలుగురికీ పంచవచ్చు. ప్రపంచం నలుమూలల నించీ వేలమంది అలా చెయ్యి వేస్తూనే వున్నారు. మన వాళ్ళు కూడా వున్నారండోయ్. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులోనే ఒక లినక్స్ తయారుచేశారు. తెర మీద మెనూల దగ్గర్నించి తెలుగులో పలకరించేలా ఎందరో స్వచ్ఛందంగా అనువాదాలు చేసిపెట్టారు. పైసా తీసుకోకుండా!

మావాడు ఆదివారం సాయంత్రం గౌతమి ఎక్కబోయే ముందు, పెన్‌డ్రైవు పెట్టి అరగంటలో పని కానిచ్చాడు. పాట వినిపించింది, తెలుగు అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి, నా నవలలన్నీ పెట్టిన చోటే వున్నాయి. వైఫై ఒక్కటే లేదు. అంటే రావటం లేదని కాదు, అసలు ఆ గుర్తే తెర మీద లేదు. పెళ్ళిపందిట్లో అన్నీ వుండి మంగళసూత్రం కనపడనట్టుగా. "స్టేషన్‌కి టైమైపోయింది పిన్నీ, ఫోన్లో చెబుతాలే" అని పరిగెత్తాడు.

మర్నాడు ఫోన్లో పాఠం మొదలైంది. లాప్‌టాప్ లోపల వైఫై పట్టుకునే చిన్న బిళ్ళ ఒకటి వుంటుందట. మిషను లేవగానే ఆ బిళ్ళకి కూడా ఒక చిన్న ప్రోగ్రాము తినిపించాలి, అప్పుడే అది కళ్ళు తెరుస్తుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. కొన్ని బిళ్ళల కంపెనీలు ఆ ప్రోగ్రాము లోగుట్టు ఎవరికీ చెప్పవు. "లోగుట్టు చెప్పనిది మా వంటింట్లోకి రాకూడదు" అని లినక్స్ వాళ్ళల్లో మడి కట్టుకున్న వాళ్ళు దాన్ని చాలాకాలం బయటే పెట్టారు. డెబియన్ అనే పేరున్న లినక్స్ వాళ్ళు 2022లో ఈ విషయం మీద వోట్లు కూడా వేసుకుని, చివరికి 2023 జూన్‌లో వచ్చిన పన్నెండో కూర్పు నించీ అవి కలిపే ఇస్తున్నారు. మావాడి పెన్‌డ్రైవులో వున్నది అంతకు ముందు కూర్పు.

"అయితే ఆ ప్రోగ్రాము ఎక్కడ దొరుకుతుందిరా?"

"ఇంటర్నెట్‌లో పిన్నీ."

"ఇంటర్నెట్ ఎలా వస్తుందిరా?"

"ఆ ప్రోగ్రాము వుంటే వస్తుంది."

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు. దీనికి మావాడు చెప్పిన ఉపాయం ఏమిటంటే, సెల్‌ఫోనుని ఛార్జింగు వైరుతో లాప్‌టాప్‌కి కట్టెయ్యటం. ఫోను సెట్టింగుల్లో యు.ఎస్.బి. టెథరింగ్ అని వుంటుంది, అది నొక్కితే ఫోనులోని నెట్టు వైరులోంచి లాప్‌టాప్‌లోకి పారుతుంది, కాలవలోంచి బోదెలోకి నీళ్ళు మళ్ళించినట్టు. బిళ్ళ నిద్రలో వున్నా ఫరవాలేదు. మీలో ఎవరికైనా ఈ అవస్థ వస్తే ఇదొక్కటి గుర్తుంచుకోండి, సగం కష్టం తీరిపోతుంది.

ఆ తర్వాత నల్లటి తెర మీద ఆజ్ఞలు కొట్టాలి. ప్రతి ఆజ్ఞకీ ముందు "సుడో" అని కొట్టమన్నాడు. స్పీకరులో వాడు "సుడో, సుడో" అంటుంటే పడక్కుర్చీలో వున్న మా అత్తయ్యగారు, "ఇందాకట్నించీ సూడు సూడంటాడు, ఏం సూడమంటాడే వాడు?" అన్నారు. సుడో అంటే, 'ఇంటి పెద్ద హోదాలో చెబుతున్నాను, నోరెత్తకుండా చెయ్యి' అని మిషనుకి చెప్పటమట. అలా చెప్పేవాళ్ళు నిజంగా ఆ హోదా వున్నవాళ్ళో కాదో తేల్చుకోటానికి అది మన పాస్‌వర్డు అడుగుతుంది. ఆ సంగతి చెప్పగానే అత్తయ్యగారు నవ్వి, "అయితే గుత్తి నీ బొడ్లోకి వచ్చిందన్న మాట" అన్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి, ఒక్క మాటలో కంప్యూటరు శాస్త్రం తేల్చేశారు!

మిషను ఆపి మళ్ళీ లేపేసరికి వైఫై గుర్తు ప్రత్యక్షమైంది. వీధిలో వున్న నెట్టులన్నీ పేర్లతో సహా వరసగా వచ్చాయి. శ్రీనివాసా, సీతారామ నిలయం, మావయ్య నెట్టు, ముట్టుకోవద్దు... ప్రతి పేరు పక్కనా చిన్న తాళం బొమ్మ. మా పేరు మీద నొక్కాను. పాస్‌వర్డు అడిగింది. ఇచ్చాను. ఒక చక్రం గిరగిరా తిరిగింది. మళ్ళీ పాస్‌వర్డు అడిగింది. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసి ఒక్కొక్క అక్షరమే చదివారు. మళ్ళీ చక్రం, మళ్ళీ అదే ప్రశ్న. అదే పాస్‌వర్డుతో నా ఫోనూ, మా వారి ఫోనూ హాయిగా నడుస్తున్నాయి. తాళంచెవి సరైనదే, కప్పా సరైనదే, తలుపు మాత్రం రాదు.

ఈలోపు మా నెట్టు కుర్రాడు వచ్చాడు. మంచి పిల్లాడే. చూసి, "పాత మిషనండి అమ్మగారూ. ఎందుకండి ఈ గొడవంతా, తాళం తీసేద్దావండి. ఓపెన్‌లో ఎట్టేస్తే ఝామ్మని వచ్చేత్తదండి, ఆయ్" అన్నాడు. "లేపోతే పాతరకం తాళం ఏసేద్దావండి, దీనికదైతే సరిపోద్దండి" అని ఇంకో మాట కూడా అన్నాడు.

వీధి తలుపులు బార్లా తీసుకుని బతికిన వాళ్ళం, ఒక నెట్టు తలుపు తీసిపెడితే ఏం పోయింది అని మీకూ అనిపించవచ్చు. మా వారికీ అలాగే అనిపించింది. కానీ నేను వొప్పుకోలేదు.

2008 జూలై 26న అహ్మదాబాదులో బాంబులు పేలటానికి కొద్ది నిమిషాల ముందు, టీవీ ఛానళ్ళకి ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఎక్కడ్నించి వచ్చిందా అని పోలీసులు వెదికితే నవీ ముంబాయిలో ఒక ఫ్లాటు తేలింది. అందులో వుంటున్న అమెరికా ఆయనకి ఆ ఉత్తరంతో ఏ సంబంధమూ లేదు. ఆయన వైఫైకి తాళం లేదు, ఎవరో బయటినించి వాడుకుని పంపారు. పాపం, ఎన్నో రోజులు పోలీసుల ప్రశ్నలకి జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది. వీధి తలుపు తీసి వుంటే లోపలికి వచ్చేవాడు మనకి కనిపిస్తాడు. "ఎవరదీ?" అని అడుగుతాం. గాలిలోంచి వచ్చేవాడు కనిపించడు. తేడా అక్కడుంది.

ఇక పాతరకం తాళం సంగతి. దాన్ని వెప్ అంటారు. 1990లలో వైఫైతో పాటే పుట్టింది. చిన్నప్పుడు మనం క-భాష మాట్లాడుకునేవాళ్ళం గుర్తుందా? ప్రతి అక్షరానికీ ముందు 'క' చేర్చి, పెద్దవాళ్ళకి అర్థం కాలేదని మురిసిపోయేవాళ్ళం. నాలుగు రోజులు విన్నాక మామ్మ కూడా అదే భాషలో "కనో కరు కము కయ్యం కడి" అని మందలించేది. వెప్ అలాంటిదే. ప్రతి మాటకీ ఒక చిన్న అంకె మార్చి చేరుస్తుంది గాని, ఆ అంకెలు మొత్తం ఒక కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు మాత్రమే. మనకి ఎక్కువనిపిస్తాయి. రద్దీగా వున్నచోట కొన్ని గంటల్లోనే అయిపోయి మళ్ళీ మొదటికొస్తాయి. వింటూ కూర్చున్నవాడికి గుట్టు దొరికిపోతుంది. 2001లోనే ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాని అసలు లోపాన్ని రాసి ప్రకటించారు. దాన్ని వదిలించుకోటానికే 2003లో డబ్ల్యు.పి.ఎ. అనే తాళం, 2004లో డబ్ల్యు.పి.ఎ.2, 2018లో డబ్ల్యు.పి.ఎ.3 వచ్చాయి.

డబ్ల్యు.పి.ఎ.2 ఎలా పనిచేస్తుందో మావాడు చెబుతుంటే నాకు మన వంటిల్లే కళ్ళముందు మెదిలింది. మనం కొట్టిన పాస్‌వర్డు గాలిలో ఎగురుకుంటూ రౌటరు దగ్గరికి వెళ్ళిపోతుందనుకుంటాం. వెళ్ళదు. అసలు గడపే దాటదు. లాప్‌టాప్ తన దగ్గరే ఆ పాస్‌వర్డునీ, నెట్టు పేరునీ కలిపి రుబ్బుతుంది. ఒకసారీ రెండుసార్లూ కాదు, 4096 తిప్పులు! కలిపే ఆ పేరుని వాళ్ళ భాషలో 'ఉప్పు' అంటారట. నిజం, నేను కల్పించింది కాదు. అవతల రౌటరు కూడా తన దగ్గర అదే రుబ్బుకుని వుంటుంది. ఇడ్లీపిండిలోంచి మినప్పప్పు మళ్ళీ వెనక్కి రాదు కదా, ఇదీ అంతే. ఆ తర్వాత రౌటరు ఒక కొత్త అంకె చెబుతుంది, లాప్‌టాప్ ఇంకో కొత్త అంకె చెబుతుంది. ఇద్దరూ వాటిని తమ పిండిలో కలుపుకుని, నాలుగే నాలుగు మాటల్లో, 'నీకు తెలిసిందే నాకూ తెలుసు' అని ఒకరికొకరు రుజువు చూపించుకుంటారు. అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్ళిద్దరు, నలుగురి మధ్యా అసలు మాట పైకి అనకుండానే అంతా మాట్లాడేసుకోవటం లేదూ!

ఇంకో విశేషం. ఈ పద్ధతంతా పుస్తకాల్లో అచ్చు వేసి వుంది, దాచలేదు. తాళం ఎలా చేశారో లోకానికంతా తెలుసు, తాళంచెవి ఒక్కటే మనది. తయారీ దాస్తేనే భద్రం అనుకుంటాం గాని, నలుగురూ చూస్తేనే లోపాలు బయటపడతాయి. 2017లో బెల్జియంలో మాతీ వాన్‌హూఫ్ అనే పరిశోధకుడు ఆ నాలుగు మాటల్లో మూడోదాన్ని మళ్ళీ మళ్ళీ పంపితే తాళం బలహీనపడుతుందని కనిపెట్టాడు. లినక్స్‌కి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ ఆ సంగతి లోకానికి వెల్లడించిన రోజునే సవరణ కూడా అందరికీ అందుబాటులో పెట్టేశారు.

మరి మా తలుపు ఎందుకు రాలేదంటారా? ఇంట్లో రౌటరు కొత్తది. అది డబ్ల్యు.పి.ఎ.3 తప్ప ఇంకో మాట వినను అని కూర్చుంది. నా ముసలి బిళ్ళకి డబ్ల్యు.పి.ఎ.2 వరకే చదువు వచ్చు. పాపం ఇద్దరిదీ తప్పు కాదు, భాష కలవలేదు, అంతే. రౌటరు సెట్టింగుల్లోకి వెళ్ళి 'రెండూ' అనేది ఎంచుకోవాలి. కొత్తవి కొత్త తాళంతో, పాతవి పాత తాళంతో వస్తాయి. ఆ సెట్టింగుల్లోకి వెళ్ళటానికి వేరే పాస్‌వర్డు వుంటుంది. అది రౌటరు అడుగున అంటించిన కాగితం మీద వుంది. కుర్రాడు పక్కన నిలబడి చూస్తుండగా నేనే మార్చాను. చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది. వచ్చేసింది! "బాగా చేసేరండమ్మగారూ" అన్నాడు కుర్రాడు, మనస్ఫూర్తిగానే.

మా పనిమనిషి కూతురు ఇంటర్మీడియెట్ చదువుతోంది. సాయంత్రం పూట మా అరుగు మీద కూర్చుని ఫోన్లో పాఠాలు వింటుంది. వాళ్ళింట్లో నెట్టు డబ్బులు అయిపోయిన రోజున ఆ పిల్ల మొహం చూడలేం. ఇదివరకు ఆ పిల్లకి నెట్టు ఇవ్వాలంటే మా వారు ఆఫీసు నించి రావాలి, ఆయన ఫోను తీయాలి, ఆయనకి తీరికుండాలి. కొట్టుగది ముందు నిలబడ్డ కోడలి బతుకే! ఆ సాయంత్రం రౌటరులో అతిథుల నెట్టు అనేది వేరే పెట్టాను. ఇంట్లోవాళ్ళ సామాన్లు దానికి కనపడవు, పాస్‌వర్డూ వేరు. చీటీ మీద రాసి ఆ పిల్ల చేతికిచ్చాను. "అయ్యగారిని అడగక్కర్లేదాండీ?" అంది. "అక్కర్లేదమ్మా" అన్నాను. ఆ రెండు మాటలూ అనగలగటానికే ఇంత గొడవా పడ్డానేమో అనిపించింది.

తాళం తీసిపారేసి అందరూ రండి అనటం వొక దాతృత్వమే. కానీ తాళంచెవి మన దగ్గరుండి, ఫలానా వాళ్ళు రావాలి అని మనమే తలుపు తియ్యటం ఇంకా పెద్ద మాట. మా కాలవ లాకుల పనీ అదే.

అందుకని అమ్మలూ, ఈ పత్రిక కింద పెట్టగానే ఒక పని చెయ్యండి. మీ రౌటరు ఎక్కడుందో చూడండి. దాని తాళం ఏ రకమో పిల్లల చేత చూపించుకోండి. వెప్ అని వుంటే ఇవాళే మార్పించండి. పాస్‌వర్డు ఎనిమిది అక్షరాల నించి అరవై మూడు అక్షరాల దాకా ఎంతైనా పెట్టుకోవచ్చు. పొట్టిది పెడితే ఊహించి ఊహించి పట్టేస్తారు. పుట్టినరోజులూ, ఫోను నంబర్లూ వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు వరసగా పెట్టండి, మీరు మరిచిపోరు, పరాయివాడికి తట్టదు. అడుగున కాగితం మీద వున్న రౌటరు పాస్‌వర్డు కూడా మార్చి, రెండూ మీ పద్దుల పుస్తకంలో మీ చేత్తో రాసుకోండి. ఇది గాలిలో మాటలకి వేసే తాళం మాత్రమే సుమా. ఎవరో ఫోన్ చేసి బ్యాంకు నంబరు చెప్పమంటే చెప్పేసేవాళ్ళని ఏ తాళమూ కాపాడలేదు.

ఇదంతా రాస్తుంటే మా వారు హాల్లోంచి కేక వేస్తున్నారు. కొత్త ఫోను కొన్నారు. "ఏమోయ్, మన వైఫై పాస్‌వర్డు ఏమిటీ?" అని.

కాసేపు ఆగనివ్వండి. లాకు దగ్గర పడవ ఆ మాత్రం ఆగాలి కదా!